మహావృక్ష దర్శనము

తీర్థయాత్ర యనగా నదీస్నానమునకో, గిరిప్రదక్షిణమునకో, దేవాలయ దర్శనమునకో పోవుట యని లోకము తలచును. ఒక చెట్టును చూచుటకై ఇల్లు వదలి బయలుదేరిన వానిని యాత్రికుడని పిలుచుటకు మాత్రము కొంత సందేహించును. పూర్వులకు ఈ సందేహము లేదు. గయయందలి అక్షయవటమునకును, బుద్ధగయయందలి బోధివృక్షమునకును, కంచిలో ఏకామ్రనాథుని సన్నిధి నున్న మామిడికిని మ్రొక్కుటకై జనులు తరతరములుగా పోవుచునే యున్నారు. కావున చెట్టును చూడబోవుట యాత్ర యగునా కాదా యనునది ఇచట ప్రశ్న కాదు. పోయినవాడు అచట దేనిని చూచి వచ్చుచున్నాడను నదియే ప్రశ్న.

తెలుగువారికి బస్తరు దూరదేశము కాదు. ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇంద్రావతీ ప్రాంతమునకు చేరి రాజ్యము స్థాపించెనని అచటి రాజవంశపు చరిత్ర చెప్పుచున్నది. దంతేశ్వరీదేవి ఆయన వెంట ఓరుగల్లునుండి నడచి వచ్చినదని ఐతిహ్యము. నేడును భద్రాచలమునుండి కోంటా మీదుగా రోడ్డున, విశాఖపట్టణము వైపునుండి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున ఆంధ్రులు దంతెవాడకు పోయి, శంఖినీ డంకినీ నదుల సంగమమున అమ్మవారిని సేవించి వచ్చుచున్నారు. అట్లు పోయినవారు ఒక దినము వెచ్చించినచో జగదల్‌పూరు ప్రాంతపు మాచ్‌కోట్, తిరియా అడవులను కూడ చూచి రావచ్చును. అచట కొన్ని మహత్తరమైన టేకుచెట్లు కలవు. రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు అని వానిని పేర్లు పెట్టి పిలుచుదురు. వాని వయస్సు ఐదారు వందల ఏండ్లని చెప్పుదురు. దండకారణ్యమున రామలక్ష్మణుల పేర్లు చెట్లకు వచ్చుటలో వింత లేదు. వనవాసమునకు వెంట రాలేకపోయిన భరత శత్రుఘ్నులు కూడ ఇచట వృక్షరూపమున అన్నగారి ప్రక్కకు చేరినారు. అయోధ్యలో తీరని కోరిక అడవిలో తీరినదనుకొనవచ్చును.

యాత్రికుడు వచ్చును. మొదలు చుట్టును చేతులు చాచి కౌగిలించి చూచును, చేతులు చాలవు. మెడ వెనుకకు వంచి చిటారుకొమ్మను వెదకును. ఎత్తెంత, చుట్టుకొలత ఎంత, వయస్సెంత యని వెంట వచ్చిన గ్రామస్థుని అడుగును. నేటి ధరకు అమ్మినచో ఎంత పలుకునని అడుగువారును లేకపోలేదు. ఫొటో తీసికొనును. పావుగంటలో దర్శనము ముగియును. తిరిగి వచ్చు త్రోవకు ఇరుప్రక్కల వేలకొలది చెట్లు నిలిచియుండును. వానివైపు కన్నెత్తి చూడడు. వానికి పేర్లు లేవు గదా!

కొలతలే గొప్పతనమునకు ప్రమాణమన్నచో ఈ టేకులును చిన్నబోవలసి వచ్చును. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, సియెరా నెవాడా పర్వతముల పడమటి వాలులందు సీక్వోయా యను జాతి వృక్షములు కలవు. వానిలో ‘జనరల్ షెర్మన్’ అను పేరుగల వృక్షము ఎత్తు సుమారు 275 అడుగులు. నేలయొద్ద చుట్టుకొలత 100 అడుగులకు పైబడినది. కలప పరిమాణమును బట్టి చూచినచో నేడు భూమిపై బ్రతికియున్న ఒంటిమాను చెట్లలో ఇంత పెద్దది మరియొకటి లేదు. వయస్సు సుమారు 2,200 సంవత్సరములని అంచనా. అనగా, ఆంధ్రదేశమున శాతవాహనులు రాజ్యమేల నారంభించిన కాలమునకు కొంచెము అటునిటుగా అది మొలకెత్తియుండును. దాని కొన ఏనాడో ఎండిపోయినది. పైకి పెరుగుట మానినను మ్రాను లావగుట మాత్రము మానలేదు.

ఇంతటి వృక్షమునకు తల్లివేరు లోతుగా దిగియుండునని ఎవరైనను ఊహింతురు. అట్లు కాదు. దాని వేళ్లు నేలకు కొలది అడుగుల లోతుననే నలుదిక్కులకు దూరముగా పరచుకొని, ప్రక్కచెట్ల వేళ్లతో పెనవేసికొని నిలుచును. చూడవచ్చిన లక్షల జనుల అడుగుల క్రింద నేల గట్టిపడి ఆ వేళ్లకు హాని కలుగునని దాని చుట్టును కంచె కట్టవలసి వచ్చినది. పాలమూరు పిల్లలమఱ్ఱి సంగతియు ఇట్లే యున్నది. కొమ్మలు విరిగి పడుచుండుటచే 2017 లో సందర్శకుల రాకను ఆపిరి. చెదలు పట్టిన మ్రానునకు 2018 లో సెలైను సీసాలు వ్రేలాడదీసి బొట్టుబొట్టుగా మందెక్కించిరి. ఆస్పత్రిలోని రోగివలె ఆ ముసలి మఱ్ఱి సీసాలు తగిలించుకొని నిలిచిన దృశ్యమును చూచినవారు మరువలేరు. దర్శనమునకు వచ్చినవాని పాదమే దర్శనీయమునకు బరువగుట విచారింపదగిన విషయము.

సీక్వోయాల చరిత్రలో ఇంతకంటె ఘోరమైనది జరిగినది. 1853 లో, కాలిఫోర్నియాలోని కాలవెరాస్ తోపున, అప్పటికి క్రొత్తగా లోకము దృష్టికి వచ్చిన ఒక మహావృక్షమును ఐదుగురు మనుష్యులు 22 దినములు పాటుపడి కూల్చిరి. కలప కొరకు కాదు. ప్రజలకు చూపి పైకము గడించుటకు! మిగిలిన మొద్దును చదునుచేసి దానిపై నృత్యములాడిరి. ఆ వలయములను లెక్కించినవారు దాని వయస్సు 1,244 సంవత్సరములని చెప్పిరి. మరుసటి సంవత్సరము అదే తోపున ‘వనమాత’ యని పేరుపెట్టిన మరొక వృక్షమును నిలువునా 116 అడుగుల ఎత్తువరకు బెరడు ఒలిచి, ఆ ముక్కలను న్యూయార్కునకును, పిదప లండను నగరమునకును తరలించి, చెట్టు ఆకారమున మరల కూర్చి ప్రదర్శించిరి. లండనులో ఆ బెరడు 1866 లో అగ్నికి ఆహుతియైనది. బెరడు పోయిన తల్లి అడవిలో నిలిచినచోటనే క్రమముగా ఎండి చచ్చినది. చూపించుటకై చంపుట, తల్లి యని పేరుపెట్టి చర్మ మొలుచుట! పేరు పెట్టినంతమాత్రమున ప్రేమ కలుగదని తెలియుటకు ఈ ఒక్క కథ చాలును.

ఉపనిషత్తులో ఇంకొక వృక్షదర్శనము కలదు. పండ్రెండేండ్లు గురుకులవాసము చేసి, సకల వేదములు చదివితినను గర్వముతో ఇరువది నాలుగేండ్ల శ్వేతకేతువు ఇంటికి వచ్చెను. తండ్రి ఉద్దాలక ఆరుణి అతని చదువును పరీక్షించి, చదువుకు అందని దానిని గూర్చి ఉపదేశించుచు ఎదుటనున్న ఒక మహావృక్షమును చూపెను. దాని మొదట దెబ్బ కొట్టినను, నడుమ కొట్టినను, కొనయందు కొట్టినను అది బ్రతికియే యుండి రసము స్రవించును. జీవుడు ఒక కొమ్మను విడిచినచో ఆ కొమ్మ ఎండును. సర్వమును విడిచినచో చెట్టంతయు ఎండును. శరీరము మరణించును గాని జీవుడు మరణింపడు. ఆ చెట్టులో నిండియున్నది ఏదియో అదియే నీవు అని కుమారునితో చెప్పెను. ఆ పిమ్మట మఱ్ఱిపండును తెమ్మని, చిదుపుమని, గింజను కూడ చిదుపుమని, లోపల ఏమి కనబడుచున్నదని అడిగెను. ఏమియు కనబడుట లేదని శ్వేతకేతువు చెప్పెను. ఆ కనబడని దానినుండియే ఇంత మఱ్ఱి లేచినదని తండ్రి బోధించెను.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. ఉపనిషత్తు ఆ వృక్షము పేరు చెప్పలేదు. ఎత్తు చెప్పలేదు, వయస్సు చెప్పలేదు, ఏ ఊరి చెట్టో కూడ చెప్పలేదు. మహావృక్షమని మాత్రము చెప్పి ఊరకున్నది. చెప్పినదెల్ల ఒక్కటే: కొట్టినచో దానినుండి రసము కారును. కారు రసమును చూచినవాడు కలపధరను అడుగడు. పండ్రెండేండ్ల చదువుచే దిగని గర్వము ఒక చెట్టు ముందు దిగినదన్నచో, దానికి కారణము చెట్టు ఎత్తు కాదు. ఆ చెట్టులో తన్ను తాను చూచుకొనుట.

అయినచో ప్రత్యేకముగా ఒక గొప్ప చెట్టును చూడబోవుట ఏల, పెరటిలోని మునగచెట్టు చాలదా యని ఆక్షేపింపవచ్చును. చాలును. కాని మానవుని దృష్టి మందమైనది. ఎదుట పెద్దది నిలిచిననే గాని మేల్కొనదు. భగవద్గీతలో విభూతియోగము ఇందులకే చెప్పబడినది. సర్వవృక్షములందు అశ్వత్థమును తానని భగవానుడు చెప్పినది రావిని గైకొని వేపను త్రోసిపుచ్చుటకు కాదు. పర్వతములందు, నదులందు, మృగములందు ఇట్లు ఒక్కొక్క దానిని వ్రేలితో చూపి చూపి, అధ్యాయము చివర, ఈ వివరమంతయు నీకేల, నా యొక్క అంశముతో ఈ జగత్తునంతను నేను వహించుచున్నానని అర్జునునితో అనెను. విభూతి ద్వారము వంటిది. ద్వారమునకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కి, గుమ్మము దాటక వెనుకకు మరలినవాడు ఇంటిలోనివారిని చూచినట్లు కాదు.

బస్తరు అడవులకు ఈ విషయము వేదాంతచర్చ మాత్రమే కాదు, ప్రాణసంకటము. ఈ సీమలో మాడియా, మురియా, ధుర్వా, భతరా, హల్బా మున్నగు జనులు నివసింతురు. తమ తమ ఊరి నేలను భూదేవియే తమకిచ్చినదని వారి విశ్వాసము. కావున పండుగలందు ఆమెకు నైవేద్యమిడుదురు. మామిడిపండుగకు ముందు క్రొత్త మామిడిని నోట పెట్టరు. ఒక ఊరివారు మరొక ఊరి అడవినుండి కట్టె తెచ్చుకొనవలసి వచ్చినచో ‘దేవ్‌సారి’ యను చిన్న రుసుమును చెల్లించుట ఆచారము. ఆ పేరులోనే దేవుడున్నాడు. చెట్టు తనది కాదు, అడిగి తీసికొనవలెనను బుద్ధి అందు కలదు. 1905 లో ఆంగ్లప్రభుత్వము బస్తరు అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయ సంకల్పించినప్పుడు ఈ జనులకు తమ దేవునిల్లు తమకు మూయబడినట్లు తోచెను. కరవు, వెట్టి, పన్నులు తోడైనవి. 1910 లో మామిడికొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయ, బాణము ఊరినుండి ఊరికి తిరుగ నారంభించినవి. భూమ్‌కాల్ అని పిలువబడిన ఆ తిరుగుబాటునకు ఆహ్వానపత్రము మామిడికొమ్మయే! తిరుగుబాటు అణచబడినది; కాని రిజర్వు చేయదలచిన అడవి సుమారు సగమునకు తగ్గింపబడెను.

స్వాతంత్ర్యానంతరము సైతము పరీక్షలు తప్పలేదు. 1970 లలో సాలవృక్షములను నరికి, కాగితపు గుజ్జు కొరకు ఉష్ణమండలపు పైనుచెట్లను వేల హెక్టార్లలో నాటు పథకము వచ్చినది. ప్రజల ప్రతిఘటనచే అది ఆగిపోయినది. 1990 లలో ‘మాలిక్ మక్బూజా’ యను పేర వేరొక విపత్తు దాపురించినది. గిరిజనుల సొంతభూములలోని టేకు మున్నగు చెట్లను, వాని వెల తెలియని యజమానులకు స్వల్పమైన పైకము ముట్టజెప్పి, వర్తకులును వారితో చేతులు కలిపినవారును నరికించుకొనిపోయిరి. సర్వోన్నత న్యాయస్థానము కలుగజేసికొనవలసి వచ్చినది. ఈ కాలమందంతట పేరుగల చెట్లు కొన్ని సురక్షితముగనే యుండినవి. వానికి మ్రొక్కులును జరుగుచునే యుండినవి. నేల కూలినవి పేరులేనివి.

ఇచటనే మరియొక చిక్కుప్రశ్న ఎదురగును. దానిని దాటవేయుట ధర్మము కాదు. జగదల్‌పూరులో దంతేశ్వరీదేవికి జరుగు దసరా ఉత్సవము 75 దినములు సాగును. అందు తిరుగు మహారథమును సాలపు కలపతో ఏటేట నూతనముగా నిర్మింతురు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామముల పనివారు వంశపరంపరగా ఈ పని చేయుదురు. దేవి రథమునకై నిండు సాలవృక్షములు కూలవలెను. భక్తియే చెట్టును కొట్టుచున్నదని ఒకడు, చెట్టుకొరకు దేవి రథమును ఆపుదురా యని మరియొకడు వాదింతురు. ఇరువురి మాటలోను బలమున్నది.

శ్రావణమాసపు హరేలీ అమావాస్యనాడు ఈ ఉత్సవము ఎట్లు మొదలగునో చూచినవారికి కొంత సమాధానము దొరకవచ్చును. రథమునకు పనికివచ్చు మొదటి మ్రానును బిలోరి గ్రామమునుండి తెచ్చి, దేవి గుడి ముందు నిలిపి, దానికే మొదట పూజ చేయుదురు. గొడ్డలి, ఉలి మున్నగు పనిముట్లను కూడ పూజింతురు. దీనికి పాట్‌జాత్ర యని పేరు. రథమెక్కబోవు దేవికంటె ముందు, రథము కాబోవు చెట్టునకు పూజ. తీసికొనుచున్నది ప్రాణమని ఒప్పుకొనిన పిమ్మటనే చేయి పైకి లేచుచున్నది. ఇది పూర్ణమైన సమాధానమని చెప్పరాదు. పూజ చేసినంతమాత్రమున కూలిన సాలము మరల లేవదు. నాటకుండ కొట్టుచు పోయినచో పాట్‌జాత్రకు మ్రానే దొరకని దినము వచ్చును. అయినను, కాలవెరాస్ తోపున మొద్దుపై నాట్యమాడిన కాలికిని, ఈ మ్రాను ముందు వంగిన తలకును గల అంతరము చిన్నది కాదు. వంగిన తల ఏనాటికైనను లెక్క చూచుకొనును. ఎన్ని తీసికొంటిమి, ఎన్ని నాటితిమి యని తన్ను తానే అడుగును. అట్లు అడుగని నాడు ఆ వంగుటయు ఆటయే యగును.

భాగవతమున కపిలమహర్షి తన తల్లి దేవహూతికి భక్తిని బోధించుచు ఈ విషయమున ఎట్టి మొగమోటమును చూపలేదు. సర్వభూతములందు ఆత్మగా నున్న తన్ను ఉపేక్షించి ప్రతిమయందు మాత్రము అర్చించువాడు బూడిదలో హోమము చేయుచున్నాడని స్పష్టముగా చెప్పెను. ప్రతిమార్చన వలదనలేదు, తన హృదయమందును సర్వభూతములందును ఉన్న ఈశ్వరుడు తెలియువరకు దానిని చేయుమనియే చెప్పెను. తిరియాలోని రామవృక్షమునకును ఈ మాట వర్తించును. అది ప్రతిమ. దానికి మ్రొక్కుట తప్పు కాదు. దాని చుట్టునున్న అడవి బూడిద యగుచుండగా దానికి మాత్రము మ్రొక్కుట, కపిలుడు చెప్పిన హోమము.

కేవలము కాపాడవలెనను ఆరాటము సైతము అజ్ఞానముతో కూడినచో అపకారమగునని సీక్వోయాల కథయే చెప్పుచున్నది. ఆ చెట్టు బెరడు రెండడుగుల మందముండి చిన్న మంటలకు చలింపదు; పైగా దాని కాయలు వేడి తగిలిననే బాగుగా విచ్చుకొని, వడ్లగింజకంటె తేలికైన విత్తులను రాల్చును. ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లవరకు కాయ మూసికొని కొమ్మపై నిప్పుకొరకు కాచుకొని యుండును. అచటి ఆదివాసులు ఈ మర్మమెరిగి అప్పుడప్పుడు అడవిలో చిన్న మంటలు పెట్టుచుండెడివారు. చెట్లను కాపాడుచున్నామను తలంపుతో తరువాతి ప్రభుత్వములు నూరేండ్లు ప్రతి మంటను ఆర్పివేసినవి. క్రింద ఎండుకట్టె పేరుకొనిపోయినది, అనావృష్టి తోడైనది. 2020, 2021 సంవత్సరముల దావానలములలో వేలకొలది మహావృక్షములు మాడి చచ్చినవి. అప్పుడు జనరల్ షెర్మన్ మొదలుచుట్టును అల్యూమినియపు రేకువంటి వస్త్రమును చుట్టి రక్షించిరి. అది రక్షింపబడినది. పేరుగల చెట్టు గదా!

బస్తరు సాలమునకు అట్టి ఓర్పు విత్తులో లేదు. దాని ఓర్పు వేరునందున్నది. వేసవి చివర, తొలకరికి కొంచెము ముందు, రెక్కలుగల దాని విత్తులు గాలిలో గిరగిర తిరుగుచు నేల వ్రాలును. వారము పది దినములలో తడి తగలకున్నచో వాని మొలకెత్తు శక్తి నశించును. వాన వచ్చినచో మొలచును, మొలచియు సుఖపడదు. ఎండకాలము రాగానే పైనున్న మొక్క ఎండిపోవును. మరల వానకు చిగిర్చును, మరల ఎండును. ఇట్లు ఏండ్ల తరబడి జరుగును. చూచువారికి అది ఎండుపుల్ల. నేలలో మాత్రము వేరు ఏటేట బలియుచుండును. అది చాలినంత బలిసిన సంవత్సరమున, ఇక ఎండక, మొక్క నిటారుగా పైకి లేచును. నేడు ముప్పది గజాల ఎత్తున నిలిచియున్న ప్రతి సాలమును ఒకప్పుడు ఇట్లు పలుమారు చచ్చినదిగా కనబడినదే.

రామలక్ష్మణుల దర్శనము చేసికొని యాత్రికుడు మాచ్‌కోట్ అడవి త్రోవను తిరిగి వచ్చును. చేతిలో ఫొటోలు చూచుకొనుచు నడచును. అతని అడుగుకు ముందు, రాలిన ఆకుల నడుమ, జానెడు పొడవున ఒక ఎండుపుల్ల నిలిచియుండును. ముందు నడచుచున్న గ్రామస్థుడు మాట్లాడుచునే, క్రిందికి చూడకయే, దానిని త్రొక్కకుండ ప్రక్కకు తొలగి నడచిపోవును.